టీకాకు తోడు: రొట్టె పొడి నుంచి జీనోమ్ వ్యాలీ దాకా

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు, "జ్ఞాపకాలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, నువ్వు ఏదైనా విషయం రాయి" అన్నారు. అప్పుడు నాకు తట్టింది 2021 వేసవి. ఆ ఏప్రిల్, మే నెలల్లో మన బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపుల్లో రోజూ నడిచిన చర్చ ఒక్కటే. ఏ టీకా వేయించుకోవాలి? అందులో ఏం కలిపారు? కలిపినదాని వల్ల కీడేమీ లేదు కదా? ఆ రెండు నెలల్లో మనం పోగొట్టుకున్న మిత్రుల, గురువుల ఫోటోలు ఈ సంచిక శ్రద్ధాంజలి పేజీల్లో ఉన్నాయి. కాబట్టి ఆ ప్రశ్నకు ఒక నెమ్మదైన జవాబు బాకీ ఉందనిపించింది.

నేను వైద్యుణ్ణి కాను. ముప్పై ఏళ్లుగా కంట్రోల్ ప్యానెళ్లు, రిలేలతో కాపురం చేస్తున్న ఎలక్ట్రికల్ ఇంజనీర్ని. అయినా ఈ చరిత్ర చదివేకొద్దీ నాకు సొంత వృత్తి విషయంలాగే తోచింది. సంకేతం ఎవరు పంపారు, ఎవరు అందుకున్నారు, ఏ యంత్రం కదిలింది అనేదే ఇందులోని కథంతా.

టీకాలో రోగక్రిమి ముక్క ఒకటి ఉంటుందని అందరికీ తెలుసు. చాలా టీకాల్లో దాని పక్కన ఇంకొక పదార్థం ఉంటుంది. ఇంగ్లీషులో దాన్ని అడ్జువెంట్ అంటారు, సహాయపడేది అని అర్థం. మన భాషలో అంతకంటే మంచి మాట ఉంది: తోడు. పాలు ఎంత చిక్కనివైనా తోడు వేయనిదే పెరుగు కాదు. ఏ తోడు వేశామన్నదాన్ని బట్టి పెరుగు కమ్మగా వస్తుందో పుల్లగా వస్తుందో తేలుతుంది. టీకాలోనూ అంతే. శత్రువు ఎవరో క్రిమి ముక్క చెబుతుంది. వాడి మీదికి ఏ రకం దళాన్ని పంపాలో తోడు చెబుతుంది. ఈ రెండో సంగతి శాస్త్రజ్ఞులకు బోధపడటానికి అరవై ఏళ్లకు పైగా పట్టింది.

గుర్రానికి గడ్డ, గేదెకు గడ్డ

పశువులున్న ఇంట పెరిగిన మనందరికీ గాలికుంటు టీకా తెలుసు. పశువుల డాక్టరు గారు మెడ దగ్గర సూది వేసి వెళ్లేవారు. రెండు రోజులు గేదె పాలు తగ్గించేది. సూది వేసిన చోట ఒక్కోసారి నిమ్మకాయంత గడ్డ కట్టేది. పెద్దవాళ్లు దాన్ని చూసి "మందు పట్టింది" అనేవారు. ఆ మాటలో శాస్త్రం ఉంది.

1920లలో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో గాస్తోన్ రామోన్ అనే పశువైద్యుడు గుర్రాలకు డిఫ్తీరియా (కంఠసర్పి) విషాన్ని, హాని పోగొట్టి, ఎక్కించేవాడు. వాటి రక్తం నుంచి పిల్లలకు విరుగుడు మందు తీసేవారు. సూది వేసిన చోట చీముగడ్డ కట్టిన గుర్రాల్లో విరుగుడు ఎక్కువగా తయారవుతోందని ఆయన గమనించాడు. అయితే గడ్డను మనమే కట్టిస్తే ఏమవుతుంది అనుకుని మందులో సగ్గుబియ్యం పిండి, రొట్టె పొడి వంటివి కలిపి చూశాడు. విరుగుడు పెరిగింది. 1925లో ఆ ఫలితాలు ప్రకటించాడు.

మరుసటి ఏడాది లండన్‌లో అలెగ్జాండర్ గ్లెన్నీ బృందం అదే పనిని పటికతో చేసింది. బురద నీళ్ల బిందెలో మన అమ్మలు తిప్పిన పటికే. నీళ్లలోని మట్టిని అది అడుగుకు దించినట్టే, డిఫ్తీరియా మందును తనకు అంటించుకుని గుజ్జులా దించింది. ఆ గుజ్జును ఎక్కిస్తే రక్షణ బాగా పెరిగింది. అప్పటి నుంచి దాదాపు 70 ఏళ్లపాటు మనుషుల టీకాల్లో అల్యూమినియం లవణాలే తోడు. మన పిల్లలకు వేయించిన డీపీటీ, ధనుర్వాతం సూదుల్లో ఉన్నదీ ఆ కుటుంబం పదార్థమే.

1982లో జాతీయ పాడి అభివృద్ధి మండలి హైదరాబాదులో ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌ను స్థాపించింది. గాలికుంటు టీకా స్వదేశంలో విరివిగా తయారు కావడానికి అది పెద్ద అండ అయింది. పశువుల టీకాల్లో అల్యూమినియం జెల్ తోడు ఒక రకం, నూనె తోడు ఇంకో రకం. నూనెది ఎక్కువ కాలం కాపాడుతుంది, గడ్డ కట్టించడమూ ఎక్కువే. ఒంగోలు గిత్తను కాపాడిన మందులో మనుషుల మందుకంటే ఘాటైన తోడు ఉందన్నమాట. మనిషికి అంత ఘాటు పనికిరాదు. 1930లు, 40లలో జూల్స్ ఫ్రాయిండ్ అనే శాస్త్రవేత్త చంపిన క్షయ క్రిములను నూనెలో కలిపి చాలా బలమైన తోడు తయారు చేశాడు. అది పుండ్లు పడేంత ఘాటు కావడంతో ప్రయోగశాల జంతువులకే పరిమితమైంది. క్షయ క్రిమి తోడుగా ఎందుకంత బాగా పనిచేసిందో అప్పుడు ఎవరికీ తెలియదు.

కొమ్మల కణం

1868లో పాల్ లాంగర్‌హాన్స్ అనే 21 ఏళ్ల జర్మన్ విద్యార్థి చర్మంలో కొమ్మలు చాచిన కణాలు చూసి, అవి నరాలకు సంబంధించినవి అనుకున్నాడు. నూరేళ్ల తర్వాత, 1973లో, న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ స్టైన్‌మన్, జాన్విల్ కోన్ ఎలుక ప్లీహంలో అలాంటి కణాలనే చూసి డెండ్రైటిక్ కణాలని పేరు పెట్టారు. గ్రీకులో డెండ్రాన్ అంటే చెట్టు.

ఈ కొమ్మల కణం పని కావలివాడి పని. చర్మం కింద, ఊపిరితిత్తుల్లో, పేగుల్లో కాపు కాస్తుంది. కొత్త పదార్థం దొరికితే మింగి, ముక్కలు చేసి, ఒక ముక్కను ఒంటి మీద అతికించుకుని దగ్గరలోని లింఫు గ్రంథికి వెళుతుంది. కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో బిళ్ల కట్టిందంటామే, ఆ బిళ్లే లింఫు గ్రంథి. అక్కడ సహాయక టి కణాలు వేల రకాలుగా వేచి ఉంటాయి. ఒక్కో రకం ఒక్కో ముక్కనే గుర్తు పడుతుంది.

గుర్తు పట్టడం ఒక్కటే చాలదు. పత్తి బేళ్లు కట్టే ప్రెస్సు వంటి యంత్రాల్లో భద్రత కోసం రెండు బటన్లు పెడతారు. రెండు చేతులతో రెండూ నొక్కితేనే ప్రెస్సు దిగుతుంది. టి కణానికీ అటువంటి ఇంటర్‌లాక్ ఉంది. కొమ్మల కణం చూపే ముక్క మొదటి బటన్. "ఇది నిజంగా ప్రమాదమే" అని అదే కణం ఇచ్చే ధ్రువీకరణ రెండో బటన్. రెండోది పడకపోతే టి కణం కదలదు. మనం తిన్న అన్నం మీద, పీల్చిన ప్రతి ధూళి మీద ఒళ్లు యుద్ధానికి దిగకపోవడానికి కారణాల్లో ఇదొకటి.

మరి ప్రమాదమని కొమ్మల కణానికి ఎలా తెలుస్తుంది? 1989లో అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ జేన్‌వే ఈ ప్రశ్నే వేశాడు. శుద్ధి చేసిన ప్రోటీన్ ఒక్కటే ఎక్కిస్తే ఒళ్లు పట్టించుకోదు, క్రిమి ముక్కో పటికో కలిపితేనే పట్టించుకుంటుంది. మన శాస్త్రమంతా ఆ దొంగచాటు కలుపుడు మీద ఆధారపడి ఉంది, దాని సంగతి తేల్చాలి అన్నది ఆయన వాదన. క్రిముల్లో మాత్రమే ఉండే ఆనవాళ్లను పట్టే గ్రాహకాలు కణాల్లో ఉండి ఉంటాయని ఊహించాడు. 1996లో ఈగల్లో జూల్స్ హాఫ్‌మన్, 1998లో ఎలుకల్లో బ్రూస్ బ్యూట్లర్ ఆ ఊహను నిజం చేశారు. వాటి పేరు టోల్ వంటి గ్రాహకాలు, పొట్టిగా టీఎల్ఆర్‌లు. మనిషిలో ఇవి పది రకాలు.

వీటిలో నాలుగో రకానికి, మన ప్రాంతానికి చుట్టరికం ఉంది. పత్తి దుమ్ములో కొన్ని బ్యాక్టీరియాల పైపొర ముక్కలు ఉంటాయి. వాటిని ఎండోటాక్సిన్ అంటారు. సెలవు తర్వాత సోమవారం పనిలోకి దిగిన మిల్లు కార్మికులకు ఛాతీ పట్టేసినట్టుండే బిసినోసిస్ జబ్బుకు ఇది ముఖ్య కారణమని భావిస్తారు. ఆ ముక్కను పట్టే గ్రాహకమే టీఎల్ఆర్-4. అదే ముక్కను విషం తీసేసి పదును పెడితే టీకాకు తోడు అయింది. 2009లో అమెరికాలో అనుమతి పొందిన ఒక గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాలో అల్యూమినియంతో పాటు అది ఉంది. మిల్లులో ఊపిరి బిగించే పదార్థమే, కొలతలో పెడితే కాపలా కాసింది.

హాఫ్‌మన్, బ్యూట్లర్, స్టైన్‌మన్‌లకు 2011 నోబెల్ బహుమతి అక్టోబరు 3న ప్రకటించారు. స్టైన్‌మన్ సెప్టెంబరు 30న కన్నుమూశారు. ఆ సంగతి కమిటీకి తెలియదు. తన క్యాన్సర్‌కు తన కొమ్మల కణాలతోనే తయారు చేసిన ప్రయోగాత్మక చికిత్స తీసుకుంటూ ఆయన చివరి రోజులు గడిపారు. బహుమతి ఆయన పేరనే ఉంచారు.

ఒకే క్రిమి, రెండు దారులు

1986లో టిమ్ మోస్‌మన్, రాబర్ట్ కాఫ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు ఎలుకల సహాయక టి కణాల్లో రెండు తెగలు ఉన్నాయని చూపారు. మొదటి తెగ టీహెచ్-1. ఇది ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేతం పంపి, క్రిములను మింగే కణాలకు లోపలున్న శత్రువును చంపే బలం ఇస్తుంది. రెండో తెగ టీహెచ్-2. ఇది ప్రతిరక్షకాల తయారీని, నులిపురుగుల మీద పోరును నడుపుతుంది. శ్రుతి మించితే ఉబ్బసం, అలర్జీ తెచ్చిపెడుతుంది. మిర్చి యార్డు గేటు దగ్గర మనకు వచ్చే తుమ్ములు ఈ లెక్కలోవి కావు. అది నరాలకు తగిలే ఘాటు. పుప్పొడికి కొందరికి వచ్చే పిల్లికూతల ఆయాసమే టీహెచ్-2 వాటా. తర్వాతి కాలంలో మరికొన్ని తెగలు బయటపడ్డాయి గానీ, ఈ కథకు ఈ రెండూ చాలు.

ఏ తెగ పుట్టాలో చెప్పే మూడో సంకేతం కూడా చాలావరకు కొమ్మల కణం చేతిలోనే ఉంది. అది ఇంటర్‌ల్యూకిన్-12 వదిలితే టి కణం టీహెచ్-1 వైపు తిరుగుతుంది. అది లేక, చుట్టూ ఇంటర్‌ల్యూకిన్-4 ఉంటే టీహెచ్-2 వైపు పోతుంది. అల్యూమినియం సాధారణంగా టీహెచ్-2 వైపు మొగ్గిస్తుంది. డిఫ్తీరియా, ధనుర్వాతంలో చంపేది రక్తంలోకి వచ్చే విషం. దాన్ని పట్టడానికి ప్రతిరక్షకాలు చాలు కాబట్టి పటిక గెలిచింది. కణం లోపల దాక్కునే క్రిమి విషయంలో అది చాలదు.

దీనికి మనిషి ఒంట్లోని సాక్ష్యం కుష్ఠువ్యాధి. క్రిమి ఒకటే. కొందరిలో ఒకటి రెండు మచ్చలతో ఆగుతుంది, కొందరిలో ఒళ్లంతా పాకుతుంది. మొదటి రకం మచ్చల్లో టీహెచ్-1 సంకేతాలు, రెండో రకంలో టీహెచ్-2 సంకేతాలు ఎక్కువని 1991లో అమెరికా పరిశోధకులు చూపారు. పూర్వం మన పల్లెల్లో దాన్ని కర్మఫలమన్నారు, ఊరి బయట ఉంచారు. తేడా అంతా ఏ సంకేతం ముందు అందిందన్నదానిలో ఉంది.

మదనపల్లె పాఠం

క్షయ క్రిమి కూడా కణం లోపల దాక్కునేదే. 1948లో మన దేశంలో బీసీజీ టీకా మొదలైన తొలి చోట్లలో మదనపల్లె ఒకటి. అక్కడి ఆరోగ్యవరం శానిటోరియంలో డాక్టర్ జొహానెస్ ఫ్రిమోట్-మోల్లర్ బృందం చుట్టుపక్కల పల్లెల్లో టీకా వేసినవారిని, వేయనివారిని ఏళ్లతరబడి పోల్చి, 1964లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ఫలితాలు ప్రకటించింది. బ్రిటన్ పిల్లల్లో దాదాపు 80 శాతం కనిపించిన రక్షణ ఇక్కడ అంతగా కనిపించలేదు. 1968లో తమిళనాడు చెంగల్పట్టులో లక్షలమందితో మొదలైన పరీక్షలోనైతే పెద్దల ఊపిరితిత్తుల క్షయ మీద రక్షణ కనిపించనే లేదు.

కారణం ఏమిటి? మన మట్టిలో, నీటిలో క్షయ క్రిమి దాయాదులు చాలా ఉంటాయి. చిన్నప్పటి నుంచే ఒళ్లు వాటికి అలవాటు పడి ఉండటంతో టీకా చెప్పే కొత్త మాట వినిపించలేదన్నది ఒక బలమైన వివరణ. సంకేతం పంపేవాడు సరిగా పంపినా, అందుకునేచోట అప్పటికే సందడి ఉంటే ఫలితం మారుతుంది. అయినా పసిబిడ్డలకు వచ్చే మెదడువాపు క్షయ వంటి ప్రాణాంతక రూపాల నుంచి బీసీజీ కాపాడుతుంది. అందుకే పుట్టిన వెంటనే వేయడం మానలేదు.

బీసీజీ ఇంకో మేలు చేసింది. 1984లో జపాన్‌లో టోకునాగా బృందం బీసీజీ క్రిమి డీఎన్ఏకే రోగనిరోధక శక్తిని లేపే గుణం ఉందని కనిపెట్టింది. 1995లో అమెరికాలో ఆర్థర్ క్రీగ్ అందులో పనిచేసే చిన్న అక్షరాల వరుసను గుర్తించాడు. దాని పేరు సీపీజీ. దాన్ని పట్టే గ్రాహకం టీఎల్ఆర్-9. ఫ్రాయిండ్ నూనెలో చచ్చిన క్షయ క్రిమి ఎందుకంత బాగా పనిచేసిందో ఇప్పుడు తెలిసింది. కొమ్మల కణం చదవగలిగే ఆనవాళ్లు ఆ క్రిమి ఒంటి నిండా ఉన్నాయి.

తోడు తప్పితే

1960ల మధ్యలో అమెరికాలో పసిపిల్లల ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే ఆర్ఎస్‌వీ వైరస్‌కు ఒక టీకా పరీక్షించారు. ఫార్మలిన్‌తో చంపిన వైరస్, తోడుగా అల్యూమినియం. ఆ టీకా పొంది తర్వాత వైరస్ సోకిన శిశువుల్లో 80 శాతం మంది ఆస్పత్రి పాలయ్యారు. ఇద్దరు చనిపోయారు. కాపాడవలసిన టీకా జబ్బును ముదిరించింది. ఆ పిల్లల్లో ప్రతిరక్షకాలు పుట్టాయి గానీ అవి వైరస్‌ను గట్టిగా పట్టుకోలేనివి. జంతువుల్లో చేసిన పరీక్షల్లో టీహెచ్-2 స్పందన అదుపు తప్పడం కనిపించింది. టీకాలో టోల్ గ్రాహకాలను లేపే అంశం లోపించడమే ప్రతిరక్షకాల బలహీనతకు కారణమని 2009లో ఒక బృందం చూపింది.

2020లో కరోనా టీకాకు కూర్చున్న ప్రతి శాస్త్రవేత్త మనసులోనూ ఈ ఇద్దరు శిశువులు ఉన్నారనే అనుకుంటాను. ముఖ్యంగా చంపిన వైరస్‌తో టీకా చేద్దామనుకున్నవారికి ఇది తప్పించుకోలేని ప్రశ్న.

హైదరాబాదు జవాబు

మన గడ్డ మీద ఆధునిక టీకాల కథలో పెద్ద మలుపు 1997. నెల్లూరు జిల్లాలో పుట్టిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు కె.ఐ. వరప్రసాద్ రెడ్డి గారు స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ ఆ ఏడాది హెపటైటిస్-బి టీకాను విడుదల చేసి, దిగుమతి టీకాల ధరను నేలకు దించింది. అందులో తోడు అల్యూమినియమే. అక్కడ ప్రతిరక్షకాలే ముఖ్యం కాబట్టి అది సరిపోయింది.

కరోనాకు రెండు హైదరాబాదు సంస్థలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్, భారత వైద్య పరిశోధన మండలితో కలిసి చంపిన వైరస్‌తో కొవాగ్జిన్ తయారు చేసింది. అల్యూమినియం జెల్‌కు ఇమిడాజోక్వినోలిన్ కుటుంబపు చిన్న అణువును అంటించింది. అమెరికా కాన్సస్‌లోని వైరోవాక్స్ సంస్థలో డాక్టర్ సునీల్ డేవిడ్ దీన్ని అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థల నిధులతో రూపొందించారు. ఈ అణువు టీఎల్ఆర్-7, 8లను తడుతుంది. వైరస్ ఆర్ఎన్ఏ ఒంట్లోకి వస్తే మోగే గంటలు అవే. చచ్చిన వైరస్‌ను చూసినా, బతికిన వైరస్ వచ్చిందన్నట్టు కొమ్మల కణం టీహెచ్-1 వైపు కబురు పంపుతుంది. జెల్‌కు అంటి ఉండటం వల్ల అణువు ఒళ్లంతా పాకకుండా లింఫు గ్రంథి దారి పడుతుంది.

తొలి దశలో 375 మందిని బృందాలుగా విడదీశారు. ఒక బృందానికి వైరస్‌తో పాటు జెల్ మాత్రమే, రెండు బృందాలకు జెల్‌తో ఈ అణువు కూడా ఉన్న రెండు మోతాదులు, మిగిలినవారికి వైరస్ లేని జెల్. అణువు ఉన్న బృందాల్లో టీహెచ్-1 వైపు మొగ్గు కనిపించింది. ఆ రకాన్నే ముందుకు తీసుకెళ్లారు. మూడో దశలో లక్షణాలున్న జబ్బు మీద 77.8 శాతం రక్షణ తేలింది. ఆ దశ ఫలితాలు రాకముందే, 2021 జనవరి 3న, ప్రభుత్వం అనుమతి ప్రకటించిందని విమర్శ వచ్చింది. ఆ విమర్శ న్యాయమైనదే. జనం నమ్మకానికి మంచి తోడు ఎంత అవసరమో, లెక్కలు సకాలంలో చూపించడం కూడా అంతే అవసరం.

రెండోది 1953లో పుట్టిన బయోలాజికల్-ఇ వారి కార్బెవాక్స్. అమెరికా హ్యూస్టన్‌లో పీటర్ హోటెజ్, మరియా ఎలెనా బొటాజ్జీల బృందం పేటెంటు తీసుకోకుండా అందించిన వైరస్ ప్రోటీన్ ముక్కను ఈస్ట్‌లో పెంచారు. తోడుగా అల్యూమినియంతో పాటు సీపీజీ వేశారు. 2022 మార్చి 16 నుంచి 12-14 ఏళ్ల పిల్లలకు మన బడుల్లో, ఆరోగ్య కేంద్రాల్లో వేసినది ఇదే. మదనపల్లె బిడ్డల భుజాన 1948లో పడిన బీసీజీ నుంచి బయటపడ్డ రహస్యం, 74 ఏళ్ల తర్వాత మన బడిపిల్లల భుజానికి తిరిగి వచ్చిందన్నమాట.

చివరగా, ఫ్రిజ్ మాట

ఇంజనీరుగా ఒక్క మాట చెప్పి ముగిస్తాను. రోహిణి కార్తె ఎండలు ఎరిగిన మనం టీకాకు వేడి ఒక్కటే శత్రువు అనుకుంటాం. అల్యూమినియం తోడున్న టీకాకు గడ్డకట్టే చలి కూడా అంతే శత్రువు. 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి. ఒకసారి గడ్డకడితే జెల్ నిర్మాణం చెదిరిపోతుంది, కరిగించినా మళ్లీ అతకదు. అనుమానం వస్తే ఆరోగ్య కార్యకర్తలు సీసాను ఊపి, పక్కన పెట్టి చూస్తారు. అదే మందు సీసాను కావాలని గడ్డకట్టించి, కరిగించి, దానితో పోలుస్తారు. అనుమానం ఉన్నది కూడా దానిలాగే గబగబా అడుగుకు దిగితే పారవేస్తారు. మన పల్లె ఉపకేంద్రాల్లో ఏఎన్ఎం అమ్మలు ఏ ఆర్భాటం లేకుండా చేసే ఈ పరీక్ష మీద రామోన్, గ్లెన్నీ, స్టైన్‌మన్‌ల శ్రమంతా ఆధారపడి ఉంది.

కాబట్టి "టీకాలో ఏం కలిపారు?" అని ఎవరైనా అడిగితే కసురుకోకండి. అది మంచి ప్రశ్న. జేన్‌వే అడిగిందీ అదే. మన బడిలో సైన్సు చెప్పిన మాస్టార్లు, టీచర్లు మనకు నేర్పింది అలా అడగమనీ, జవాబు దొరికేదాకా చదవమనీ. వారందరికీ నమస్కారాలు. ఈ సంచిక చేతికందిన పూర్వ విద్యార్థులు తమ ఇంటి పిల్లలతో ఈ నాలుగు పేజీలు చదివించి, వాళ్లు వేసే ప్రశ్నలు విని, తెలిసినంతవరకు జవాబు చెప్పాలని నా మనవి.